నాలుగో సూది

మా వాళ్లందరూ నన్ను అనుమానపు పక్షి అంటారు. అననీ. ఇరవై ఆరేళ్లు ఎర్రబస్సులో కండక్టరుగా నిలబడి అన్నం తిన్నదాన్ని, అనుమానం లేకపోతే ఆ ఉద్యోగం ఒక్క వారం కూడా నిలిచేది కాదు. కర్నూలులో బయల్దేరి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడప చేరే బస్సు నాది. ఎక్కినవాళ్ల ముఖాలు నేను పెద్దగా చూసేదాన్ని కాదు, చేతులు చూసేదాన్ని. ముఖానికి అబద్ధం చెప్పడం అలవాటవుతుంది. టికెట్టు తీసుకోని మనిషి చేతికి మాత్రం ఎక్కడ ఉండాలో తెలియదు. కొంగులోకి పోతుంది, సర్దిన సంచినే మళ్లీ సర్దుతుంది. ఉద్యోగం అయిపోయి నాలుగేళ్లు దాటినా ఆ చూపు నన్ను వదల్లేదు. పాల పొట్లం మీద తేదీ చూస్తాను, కూరగాయల తక్కెడ ముల్లు చూస్తాను, మా ఆయన అంగడికి పోయి వస్తే చిల్లర ఎంచుకుంటాను.

ఆ చూపుతోనే ఈ ఏడాది మా అక్క ఇంట్లో ఒక పని చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు.

మాది మగ్గాల ఇల్లు. నేను పదో తరగతి దాటి కండక్టరుగా బస్సెక్కాను, నాకంటే ఏడేళ్లు పెద్దదైన మా అక్క మగ్గం గుంటలోనే ఉండిపోయింది. మైదుకూరులో దిగి ఇంకో బస్సు మారితే వస్తుంది ఆమె అత్తగారి ఊరు. బావ పోయి చాలా ఏళ్లయింది. కొడుకు నాపరాళ్ల లారీ నడుపుతాడు, వారానికి రెండు రోజులు ఇంట్లో కనిపిస్తే ఎక్కువ. కాబట్టి ఇంట్లో ఎప్పుడూ ఉండేది అక్క, కోడలు, కాళ్లు గుంటలోకి దించి కూర్చుని నేసే రెండు గుంట మగ్గాలు. కోడలు నెమ్మదస్తురాలు, ముప్పై దాటిన మనిషి. ఒక మాటకు అర మాట జవాబు చెప్పే రకం. అలాంటివాళ్లంటే నాకు మొదటినుంచీ అనుమానమే.

అక్కకు పదిహేనేళ్లుగా చక్కెర వ్యాధి. మాత్రలు ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇచ్చేవాళ్లు, అవి మింగుతూనే ఉండేది, చక్కెర పెరుగుతూనే ఉండేది. ఒళ్లు కూడా బాగా వచ్చింది. చివరకు మోకాళ్లు వంగక మగ్గం గుంటలోకి దిగలేని రోజు వచ్చింది. నేతపని చేసేవాళ్లకు గుంటలోకి దిగలేకపోవడమంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పినా తెలియదు. ఆమె మగ్గం మీద దుప్పటి కప్పి, దాని పక్కనే గోడకానుకుని కూర్చునేది. చూస్తూ ఊరుకోలేక కర్నూలుకు తీసుకొచ్చి డాక్టరమ్మకు చూపించాను.

డాక్టరమ్మ వారానికొక ఇంజెక్షన్ రాసింది. చూడ్డానికి లావుపాటి పెన్నులా ఉంటుంది. ప్రతిసారీ కొత్త సూది బిగించి, కొస తిప్పి, పొట్ట మీద మనమే పొడుచుకోవాలి. ఒక పెన్నులో నాలుగు వారాల మందు, పెట్టెలో నాలుగు సూదులు. ఆకలి తగ్గిస్తుంది, చక్కెర దించుతుంది, బరువు కూడా తగ్గుతుందని చెప్పింది. ఖరీదు మాత్రం చివర్లో చెప్పింది. ఒక పెన్నుకు అక్క పది చీరలు నేస్తే వచ్చే కూలి కావాలి.

"నెలకు పది చీరలు నా కడుపులోకి పొడుచుకోవల్లనా?" అంది అక్క.

"నీకిందులో ఎంత వస్తాది తల్లీ?" అని నేను డాక్టరమ్మను ముఖం మీదే అడిగాను.

ఆమెకు కోపం రాలేదు. "నాకేం రాదమ్మా. కావాలంటే కంపెనీ పేరు రాయను, మందు పేరే రాస్తాను. నీకు యాడ తక్కువకు దొరికితే ఆడ కొనుక్కో. కాకపోతే బిల్లు లేకుండా కొనొద్దు" అంది. మందు పేరు ఒక్కటే రాసిచ్చిన డాక్టరును నేను అదే మొదటిసారి చూడటం. అయినా ఇంటికొచ్చాక ఆ చీటీని వెనకా ముందూ తిప్పి చూశాను.

నా పెన్షన్‌లోంచి నేనే కొనిస్తానన్నాను. ఆరు నెలలు అలాగే నడిచింది. నెలకొకసారి పెన్ను కొని, టిఫిన్ డబ్బాలో ఐసుముక్కల సంచి పెట్టి, తడి తువ్వాలు చుట్టి, నా పాత బస్సులోనే తీసుకెళ్లి వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టి వచ్చేదాన్ని. అక్క ఆదివారం తలకు పోసుకున్నాక గది తలుపేసుకుని పొడుచుకునేది. పొట్ట చూపించుకోవడం ఆమెకు సిగ్గు, కోడల్ని కూడా లోపలికి రానిచ్చేది కాదు. దారప్పోగులు పట్టిన చేతులు కదా, సూది బిగించడం ఒక్కసారి చూపిస్తే వచ్చేసింది. బరువు తగ్గింది. మోకాళ్ల మీద చెయ్యి వేసుకుని మగ్గం గుంట అంచుదాకా వచ్చి కూర్చునేది.

ఎండలు ముదిరే వేళకు ధర పడిపోయింది. నేను పెన్ను కొనే మందుల షాపతను కర్నూలు బురుజు దగ్గరి సందులో ఉంటాడు, ఒకప్పుడు నంద్యాల నుంచి రోజూ నా బస్సులోనే వచ్చేవాడు. ఆ రోజు నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"అక్కా, ఖుషీ మాట చెప్తా. నీ మందు మన కంపెనీలు కూడా చేస్తాండాయి ఇప్పుడు. సగం ధర కూడా లేదు" అన్నాడు.

"ఎందుకు తగ్గింది?"

"ఆ మందు వాళ్లొక్కరే చేసుకునేదానికి ఆ పరదేశం కంపెనీకి హక్కు ఉండె. దానికి గడువు అయిపోయింది. ఇంక ఎవరైనా చేసుకోవచ్చు, పోటీ పడి తగ్గిస్తాండారు."

"అంటే ఏమప్పా, పది చీరలది ఈపొద్దు నాలుగు చీరలకు ఇస్తాండావు. నిన్న నన్ను ముంచినారా, ఈపొద్దు ముంచుతాండారా?"

"నిన్న ముంచింది నేను గాదక్కా. ఈపొద్దు ఎవరూ ముంచలేదు" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. పెట్టె సీలు చూశాను, తయారీ తేదీ చూశాను, బిల్లు మీద బ్యాచి నంబరు పెట్టె మీది నంబరుతో అంకె అంకె కలిపి చూశాను. అక్కడినుంచి నేరుగా డాక్టరమ్మ దగ్గరకు పోయి బల్ల మీద పెట్టాను. అదే మందు, అదే మోతాదు, ధైర్యంగా వాడుకోవచ్చు, నెల తర్వాత ఒకసారి రక్తపరీక్ష చేయిద్దాం అంది. అప్పటికి గాని దాన్ని ఐసు డబ్బాలో పెట్టలేదు.

నేను వెళ్లేసరికి కోడలు పడుగు అతుకుతోంది. ఇది తెలియనివాళ్లకు చెప్పాలి. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చినప్పుడు చివరిదాకా నేసి కోసెయ్యరు. జానెడు పోగులు వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చాక ఆ పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. అలా వదలకుండా కోసేస్తే వేల పోగుల్ని మళ్లీ దువ్వెనలాంటి అచ్చు పళ్ల సందుల్లోంచి ఒక్కొక్కటే దూర్చుకోవాలి. రోజులు పడుతుంది, కూలి పోతుంది. మా అమ్మ దగ్గర మేమిద్దరం నేర్చుకున్న మొదటి పని అదే. ఆ రోజు కోడలి వేళ్లు చూస్తూ నేను కాసేపు కూర్చున్నాను, మనసుకు హాయిగా అనిపించింది.

అక్క మాత్రం కొత్త పెన్నును చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. నేను చూసినట్టే చూసింది, ఒకే తల్లి పిల్లలం.

"ఇంత చవగ్గా ఎట్ల ఇస్తారే?" అంది.

నేను షాపతను చెప్పిందంతా అప్పజెప్పాను.

"ఎన్నాళ్లు ఇస్తారు ఇట్లా? నూలు చవగ్గా ఇస్తామన్నోళ్లను శానామందిని చూసినా. రెండు నెలలు ఇచ్చి ఆపేస్తారు."

"ఇచ్చినన్నాళ్లు తీసుకో. నీ చేతిలో ఉండేది పొడుచుకో" అని నేను విసుక్కున్నాను.

మూడు వారాలు తిరక్కుండానే ఫోనొచ్చింది. అక్కకు ఫోన్ లేదు, కోడలే చేసింది. "చిన్నత్తా, అత్తకు మందు అయిపోయిందంట" అంది.

నాలుగు వారాల మందు మూడు వారాలకు అయిపోవడమేమిటి? నాలుగు టికెట్లు చింపితే ముగ్గురే దిగినట్టుంది లెక్క. నాకు మొదట షాపతని మీదే ఒళ్లు మండింది. చవకది అంటగట్టి ముంచాడనుకున్నాను. పోయి నలుగురిలో నిలదీశాను. అతను ఓపిగ్గా ఒక పెన్ను తీసి చూపించాడు. కొసను తిప్పితే ఆ వారం మోతాదు దగ్గర ఆగుతుంది, లోపల మందు చాలకపోతే అంతదాకా తిరగనే తిరగదు. "ఖాళీ అయిన పెన్ను తీసుకరా అక్కా, తిప్పి చూస్తే తెలిసిపోతాది. తక్కువ ఉంటే నేనే కంపెనీ వాళ్లతో కొట్లాడతా" అన్నాడు.

రెండో పెన్ను తీసుకెళ్లినప్పుడు ఖాళీది ఇమ్మని అక్కను అడిగాను. చెత్తబండిలో వేశానంది. నా ముఖం చూడకుండా, నూలు కండెల బుట్ట సర్దుతూ అంది. ఆమె చేతులు చూశాను. అబద్ధమని అప్పుడే తెలిసిపోయింది.

రెండోది కూడా మూడు వారాలకే అయిపోయింది. మూడోది ఇచ్చి, అక్కను కర్నూలు తీసుకొచ్చి పరీక్ష చేయించాను. చక్కెర దిగింది. ఎప్పుడూ లేనంత దిగింది. డాక్టరమ్మ సంతోషించింది, నాకు అనుమానం ముదిరింది. మందు పనిచేస్తోంది కాబట్టి మందు అసలుదే, షాపతను మంచివాడే. అక్క వారం వారం తప్పకుండా పొడుచుకుంటోంది. మరి ప్రతి పెన్నులో నాలుగో వారం మందు ఎటు పోతోంది?

అక్కను బయట కూర్చోబెట్టి డాక్టరమ్మతో ఈ సంగతి చెప్పాను. ఆమె తను రాసే పెన్నుకు మూత పెట్టి నా వైపు చూసింది.

"ఇంట్లో ఇంకెవరైనా వాడతాండారేమో చూడమ్మా. సన్నబడాలని ఒకరి పెన్ను ఇంకొకరు పొడుచుకునేవాళ్లు ఈ మధ్య ఎక్కువైనారు. సూది మార్చినా సరే, ఒకరి పెన్ను ఇంకొకరు వాడగూడదు. రక్తం వెనక్కి పోయి లేని రోగాలు అంటుకుంటాయి" అంది.

ఇంట్లో ఇంకెవరుంటారు? కోడలే.

ఆ మాట చెవిన పడ్డాక నాకు అన్నీ కనిపించసాగాయి. ఆ పిల్ల రవికె చేతులు వదులై పిన్నీసులు పెట్టుకుంటోంది. మెడ కింద ఎముకలు తేలాయి. పోయినసారి అన్నానికి పిలిస్తే "ఆకలి కాలేదు చిన్నత్తా" అంది. ఆకలి లేకపోవడం ఆ మందు చేసే మొదటి పని. పెళ్లినాటికి నిండుగా ఉన్న మనిషి, ఇప్పుడు సన్నగా తీగలా ఉంది. టీవీల్లో, ఫోన్లలో చూసి నేర్చుకుంటున్నారు, పల్లె అనుకుంటే మనదే పొరపాటు అనుకున్నాను. నా పెన్షన్ డబ్బులతో మా అక్కకు కొన్న మందు అది.

మళ్లీ మూడు వారాలకు ఫోనొచ్చింది. ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను.

"చూడు పాపా, ఖాళీ పెన్నులు మూడూ నా కండ్లతో చూసినాకనే నాలుగో పెన్ను. అంతవరకూ నేను తెచ్చేది లేదు" అన్నాను.

"సరే చిన్నత్తా" అని పెట్టేసింది. అంతే. బతిమాలలేదు, ఎందుకని అడగలేదు. తప్పు చేయనివాళ్లయితే అడగరా అనుకున్నాను.

నేను అలిగి మళ్లీ ఫోన్ చేయలేదు. వాళ్లూ చేయలేదు. అయిదు వారాలు గడిచాయి. మందు లేకుండా అక్క ఎలా ఉందో అని ఒకవైపు ప్రాణం కొట్టుకుంటోంది, ఎవరూ అడగడం లేదంటే ఎక్కడినుంచో వస్తోందని ఇంకోవైపు అనుమానం. ఇక ఉండబట్టలేక ఒకరోజు పొద్దున్నే చెప్పాపెట్టకుండా బస్సెక్కాను. బస్సులో తనిఖీకి వచ్చేవాళ్లు ఎప్పుడూ చెప్పి రారు.

నేను పోయేసరికి అక్క పెరట్లో స్నానం చేస్తోంది. పక్కింటామె అక్క వాళ్ల అరుగు మీదే కూర్చుని రాట్నం తిప్పుతూ నూలు కండెలు చుడుతోంది. కోడలు మగ్గంలో ఉంది. తన మగ్గంలో కాదు, అక్క మగ్గంలో. ఆమె లేచి నీళ్లు తెచ్చేలోపల నా కళ్లు ఇల్లంతా తిరిగాయి. మేకుకు కోడలి చేతిసంచి వేలాడుతోంది. సంచిలో చెయ్యి పెట్టాను. ఒకరి సంచిలో చెయ్యి పెట్టేది దొంగలైనా అయ్యుండాలి, కండక్టర్లయినా అయ్యుండాలి. నాకు ప్రొద్దుటూరు మందుల షాపు బిల్లు దొరికింది. మా అక్క వాడే మందే. కొన్నవాళ్ల పేరు దగ్గర కోడలి పేరు ఉంది.

నాకింక ఏమీ కనిపించలేదు.

"ఇది ఏంది?" అన్నాను. చెంబు పట్టుకుని ఆ పిల్ల అక్కడే ఆగిపోయింది.

"మందు బిల్లు చిన్నత్తా."

"నీ పేరుంది దీని మీద. మా అక్క పెన్నులో నాలుగోది పొడుచుకుంటాండావు, అది చాలక సొంతానికి కూడా కొంటాండావు. రోగిష్టి దాని మందు దొంగిలించి సన్నబడతాండావు. నీ ఒళ్లు నువ్వు అద్దంలో చూసుకున్నావా? ఎవరికి తెలీదనుకున్నావు?"

అరుగు మీద రాట్నం ఆగిపోయింది. పక్కింటామె వింటోందని నాకు తెలుసు. తెలిసే గొంతు తగ్గించలేదు. ఆ వీధిలో పొద్దున అన్న మాట మధ్యాహ్నానికి చివరి ఇంటికి చేరుతుంది, చేరనీ అనుకున్నాను. అంత పాడుబుద్ధి పుట్టింది నాకు ఆ క్షణాన.

కోడలు చెంబు కింద పెట్టింది. "నేనే కొన్నా" అంది.

"ఎవరికి?"

"అత్తకు."

"అబద్ధం. మరి నాలుగోవి యాడ?"

పెరటి గుమ్మం దగ్గర అక్క నిలబడి ఉంది. తడి తల, చేతిలో కర్ర. ఎప్పటినుంచి వింటోందో తెలియదు.

"ఆ పాపనెందుకు అడుగుతాండావే? నాలుగోవి నా కాడనే ఉండాయి" అంది.

ఆమె కర్ర ఊతంతో తన మగ్గం దగ్గరకు పోయింది. గుంట అంచున కూర్చుని, మెల్లగా ఒక్కో కాలూ దించి, ఈ మధ్య అలవాటైనదానిలా లోపలికి దిగింది. ఏడాదిన్నర తర్వాత ఆమె ఆ గుంటలోకి దిగడం నేను చూశాను, దానికి సంతోషపడే స్థితిలో లేను. గుంటలో మూలన చల్లదనానికి తడి ఇసుక పోసిన కుండ ఒకటుంటుంది. అందులోంచి పాత చీర గుడ్డ మూట తీసి పైకి అందించింది. నేనే విప్పాను. నాలుగు పెన్నులు. ఒక్కోదానికి వాడని సూది ఒకటి దారంతో కట్టి ఉంది.

"ఏందక్కా ఇవి?"

"చివరిది వదిలిపెట్టినా. అంతా లాగేసి కోసేస్తే ఎట్ల? కొత్తది రాకపోతే దేనికి అతకాల?" అంది, చిన్నపిల్లకు చెప్పినట్టు. "చవగ్గా వచ్చేది ఎప్పుడు ఆగిపోతాదో తెల్దు గదా. నువ్వు తెలిస్తే తిడతావని చెప్పలేదు."

జానెడు పడుగు. మా అమ్మ మా ఇద్దరి చేతులకూ నేర్పిన పని. ఆ లెక్కను నేను కనిపెట్టలేకపోయాను, టికెట్ల లెక్క మాత్రం కట్టుకుంటూ కూర్చున్నాను.

అక్క నా చేతిలోని బిల్లు చూసి, "అదేంది?" అంది. చెప్పాను. ఆమె కోడలి వైపు తిరిగింది.

"మీ చిన్నత్త బస్సుకు పంపిందని జెప్తివి గదా?"

అప్పుడు నాకు విషయం ఒక్కొక్కటిగా తెలిసింది, సగం ఆ పిల్ల నోటినుంచి, సగం అరుగు మీది పక్కింటామె నోటినుంచి. నేను మందు తేనన్న సంగతి అక్కకు చెప్పలేదు. చెబితే అక్కాచెల్లెళ్ల మధ్య మాటా మాటా వస్తుందని. చీటీ ఫోటో ఫోన్లో ఉంటే ప్రొద్దుటూరు పోయి తనే కొనుక్కొచ్చింది, నేను పంపినట్టు చెప్పింది. అలా రెండు పెన్నులు. కొనాలంటే డబ్బు కావాలి కాబట్టి తన మగ్గం పని అయ్యాక అక్క మగ్గం దుప్పటి తీసి అందులోనూ నేసింది. నేను మందు ఆపకముందునుంచే, అక్క దిగలేకపోయిన నాటినుంచే, ఆ ఇంట్లో రెండు మగ్గాల పని ఒక్కతే చేస్తోంది. ఈ అయిదు వారాలూ ఇంకా ఎక్కువైంది. అన్నం వేళకు తినడం మానేసింది. తేరగా సన్నబడలేదు ఆ మనిషి.

నాలుగో సూది కోసమే నేసిన చీరలు అవి. ఆ నాలుగో సూదులేమో ఆమె తొక్కే పలకల పక్కనే, కుండలో ఉన్నాయి.

"ముందే చెప్పొచ్చు గదా పాపా" అన్నాను. అన్నాక నాకే చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకంటే ఆ మాట నేను ఇంతకు ముందొకసారి అన్నాను. చాలా ఏళ్ల కింద, కొన్నాళ్లు నన్ను కోసిగి బస్సుకు వేశారు. మిరప కోతలకు పోయి తిరిగొచ్చే కూలీలతో బస్సు నిండిపోయి ఉంది. ఒకామె టికెట్టు చూపించలేకపోతే అందరి ముందూ దొంగదానా అన్నాను, మూట దింపించేశాను. రోడ్డు మీద నిలబడి వెతుక్కుంటే ఆమె కొంగు ముడిలోనే దొరికింది టికెట్టు. "ముందే చూపించొచ్చు కదా" అన్నాను తప్ప తప్పయిందని అనలేదు. ఆమె మూట ఎక్కించుకుని దూరంగా పోయి నిలబడింది. కోసిగి వచ్చేదాకా నా వైపు చూడలేదు.

కోడలు చూసింది. నేరుగా చూసింది.

"నువ్వు అడిగింటే చెప్పేదాన్ని చిన్నత్తా. నువ్వు అడగలా" అంది. బిల్లు నా చేతిలోంచి తీసుకుని, మడిచి, సంచిలో పెట్టుకుని మగ్గంలోకి దిగింది.

నాలుగు పెన్నులూ కర్నూలు తీసుకొచ్చి షాపతనికి చూపించాను. తెరిచిన పెన్ను ఇన్ని వారాలకు మించి వాడకూడదని పెట్టెలోని కాగితం మీదే ఉందన్నాడు. ఈ ఎండలకు ఆ కుండలో ఎంత వేడెక్కాయో కూడా తెలియదు, అన్నీ పడేయమన్నాడు. కలిపితే ఒక నిండు పెన్ను. చవకగా దొరుకుతోందని సంబరపడిన మందును మేమిద్దరం కలిసి ఇలా ఖరీదు చేసుకున్నాం. ఆమె రేపటిని నమ్మలేదు, నేను మనిషిని నమ్మలేదు. ఆ ఖరీదంతా కట్టింది ఆ పిల్ల.

ఆమె కొన్న రెండు పెన్నుల డబ్బు తీసుకెళ్లాను. తీసుకుంది, వద్దనలేదు. పక్కింటామెను అరుగు మీదికి పిలిచి, ఆమె వింటుండగానే కోడలితో "తప్పు నాది పాపా, నోరు జారినా" అన్నాను. "సరేలే చిన్నత్తా" అంది. నూకల ఉప్మా చేసి పెట్టింది, మజ్జిగ ఇచ్చింది. నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. అయిపోయిందనుకున్నాను.

అక్కకు పడుగు వేరు, పెన్ను వేరు అని నచ్చచెప్పడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. పాతది పూర్తికాకముందే కొత్తది ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెడతానని ఒట్టేశాక ఒప్పుకుంది. ఇప్పుడు చివరిదాకా పొడుచుకుంటుంది. రోజుకు ఒక గంట మగ్గంలోకి దిగుతోంది.

పోయిన నెల కొత్త పెన్నుతో వెళ్లాను. కాళ్లు కడుక్కుని కూర్చున్నానో లేదో, కోడలు లోపలికి పోయి ఒక పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది. పళ్లెంలో రెండు ఖాళీ పెన్నులు, పక్కన మూత గట్టిగా బిగించిన సీసాలో వాడిన సూదులు ఎనిమిది, బిల్లులు రెండు. అన్నీ వరసగా పెట్టి ఉన్నాయి.

"ఇవన్నీ ఎందుకు పాపా? నేను అడగలేదు గదా" అన్నాను.

"అడగకముందే చూపించేది మేలు చిన్నత్తా" అంది. కోపంగా అనలేదు. ఆ గొంతులో ఏమీ లేదు.

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, దొంగ ఏడుపు కాదు. తీసెయ్యమ్మా అందామని నోరు తెరిచాను. ఈలోగా నా చెయ్యి దానంతటదే పోయి ఒక పెన్ను తీసింది. వేళ్లు దాని కొసను తిప్పాయి. కొంచెం తిరిగి ఆగిపోయింది, ఖాళీదే. ఆగిందని తెలిశాక గాని నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు.

తలెత్తాను. కోడలు నా ముఖం చూడటం లేదు. నా చేతులు చూస్తోంది.